ఒక పుర్రెలో రెండు ఊళ్ళు

ఆగస్టు రాత్రి దోహా విమానాశ్రయం గుమ్మం దాటి బయటికి వచ్చిన మనిషికి అన్నిటికంటే ముందు కళ్ళజోడు మసకబారుతుంది. లోపలి ఏసీకి చల్లబడ్డ అద్దాల మీద సముద్రపు తేమ ఒక్కసారిగా పేరుకుంటుంది. తుడుచుకుని బస్సెక్కేలోపే ఒంట్లో పని మొదలైపోతుంది. తొలి రెండు మూడు రోజులు గుండె మామూలుకంటే వడిగా కొట్టుకుంటుంది, కాస్త పనికే ఒళ్ళు సోలుతుంది. వారం తిరిగేసరికి రక్తంలోని నీటిభాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. చెమట ఇదివరకటికన్నా త్వరగా పడుతుంది, ఎక్కువగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. పది పధ్నాలుగు రోజుల్లో ఆ ఒళ్ళు ఎండకి అలవాటుపడిన ఒళ్ళవుతుంది. కొత్తగా దిగినవాణ్ణి మొదటిరోజే పూర్తి పనిలో పెట్టకూడదని వైద్యులు మొత్తుకునేది ఇందుకే. ఖతర్ ప్రభుత్వం 2021లో నిబంధనలు బిగించి, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని చేయించడాన్ని నిషేధించింది. ఉష్ణం, తేమ, గాలి, ఎండ నాలుగూ కలిపి కట్టే కొలత 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా సరే పని ఆపాలి.

ఇంత కష్టపడి ఒళ్ళు సంపాదించుకున్న ఈ అలవాటు ఎన్నాళ్ళుంటుంది? చుట్టీకి, అంటే సెలవు మీద, ఇంటికి వచ్చి నెల రోజులు నీడపట్టున కూర్చుంటే చాలావరకు పోతుంది. తిరిగి వెళ్ళాక మళ్ళీ మొదటినుంచీ మొదలు. నిద్ర సంగతీ అంతే. మనకీ ఖతర్‌కీ తేడా రెండున్నర గంటలు. మెదడులోని గడియారం రోజుకి సుమారు గంట చొప్పున జరుగుతుంది కనక మూడు రోజుల్లో సర్దుకుంటుంది. శరీరం ఎక్కడుంటే అక్కడి మనిషే. ఒక్క చిన్న మినహాయింపు ఉంది. మనిషి చెమట మీద జీవితకాలం పరిశోధన చేసిన జపాన్ శరీరశాస్త్రవేత్త యస్ కునో, మనకున్న స్వేదగ్రంథుల్లో ఎన్ని పనిచేసేవవుతాయన్నది పుట్టిన తొలి రెండు మూడేళ్ళలోనే, ఆ బిడ్డ పెరిగిన వాతావరణాన్ని బట్టి స్థిరపడుతుందని చెప్పాడు. అంటే జగిత్యాల నుంచి వెళ్ళిన మేస్త్రీ దోహా ఎండలో కార్చే చెమట, వాళ్ళమ్మ ఒళ్ళో గడిపిన మొదటి ఎండాకాలాల్లో తెరుచుకున్న గ్రంథుల్లోంచే వస్తోంది.

ఒళ్ళు రెండు వారాల్లో తేల్చుకున్న విషయాన్ని మనసు ఇరవై ఏళ్ళకి కూడా ఎందుకు తేల్చుకోలేకపోతుంది? ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించి.

ఖతర్ జనాభా సుమారు 30 లక్షలు. అందులో ఖతరీలు పదో వంతుకు కాస్త అటూ ఇటూ. భారతీయులు దాదాపు 8 లక్షలు, అంటే ఆ దేశపు సొంత పౌరులకంటే ఎక్కువమంది. వీళ్ళలో మన తెలుగువాళ్ళు రెండు మూడు తోవల్లో వెళ్ళారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల నుంచి కంపెనీ వీసాల మీదా, పేరుకి ఒక యజమాని ఉన్నా బయట పని వెతుక్కునే ఆజాద్ వీసాల మీదా వెళ్ళినవాళ్ళు. కడప, రాజంపేట వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్ళినవాళ్ళు. రాస్ లఫాన్, మెసయీద్ గ్యాస్ కర్మాగారాల్లో ఇంజనీర్లు, హమద్ ఆసుపత్రుల్లో నర్సులు, బ్యాంకుల్లో కంప్యూటర్ ఉద్యోగులు. జీతాల్లో వీళ్ళకి పోలిక లేదు. ఒకరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఆరుగురితో గది పంచుకుంటారు, ఇంకొకరు కుటుంబంతో అల్ వక్రాలో విల్లాలో ఉంటారు. అయినా మాట కలిపితే ఇద్దరి నోటా ఒకటే వస్తుంది: అక్కడుంటే ఇక్కడి ధ్యాస, ఇక్కడికొస్తే అక్కడి ధ్యాస.

దీన్ని జబ్బుగా లెక్కగట్టిన రోజులున్నాయి. 1688లో యోహానెస్ హోఫర్ అనే యువకుడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వైద్య పట్టా కోసం సమర్పించిన వ్యాసంలో, ఇంటికి దూరమై కుమిలి చిక్కిపోయేవాళ్ళ రోగానికి ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టాడు. ఆ రోగులుగా తర్వాత ప్రసిద్ధికెక్కింది జీతానికి పరాయి రాజుల సైన్యాల్లో చేరిన స్విస్ సిపాయిలు. కొండల్లో భూమి చాలక, డబ్బు కోసం దేశం దాటిన పేదింటి కుర్రాళ్ళు వాళ్ళు. గల్ఫ్ దారి ఎరిగిన మనకి వాళ్ళని పరిచయం చేయనక్కర్లేదు. అప్పట్లో వైద్యం కూడా సులువే, ఇంటికి పంపేయడం. పంపితే నయమవుతుందనుకున్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళని దగ్గరగా చూసినవారెవరూ అలా అనుకోరు, ఎందుకంటే వచ్చినవాళ్ళకి అక్కడి బెంగ పట్టుకుంటుంది.

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే కాసేపు ఎలుకల దగ్గరికి వెళ్ళాలి.

1971లో లండన్‌లో నాడీశాస్త్రవేత్త జాన్ ఓకీఫ్ ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలోకి వెంట్రుకంత సన్నని తీగలు దింపి, ఒక్కొక్క నాడీకణం ఎప్పుడు మోగుతుందో విన్నాడు. ఒక కణం ఎలుక గదిలో ఈశాన్య మూలకి వెళ్ళినప్పుడే మోగుతుంది, మరొకటి తలుపు దగ్గరే మోగుతుంది. ఇలాంటి కణాలన్నీ కలిస్తే ఆ చోటుకి పటం తయారవుతుంది. వీటికి స్థలకణాలని పేరు. ఈ కృషికి ఓకీఫ్‌కి, ఈ పటానికి గళ్ళ కాగితంలా పనికొచ్చే మరో రకం కణాల్ని కనిపెట్టిన నార్వే శాస్త్రవేత్తలు మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌లకి కలిపి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలుకని ఇంకో గదిలో పెడితే ఏమవుతుంది? పాత పటం చెరిగిపోదు. అవే కణాలు కొత్త కూర్పులో మోగుతూ వేరే పటం గీస్తాయి. మొదటి గదికి తీసుకొస్తే పాత పటం ఎక్కడిదక్కడ లేచి కూర్చుంటుంది. దీనికి హద్దెక్కడ అని మోసర్‌ల బృందం 2014లో ఎలుకల్ని 11 గదుల్లో తిప్పి చూసింది. పదకొండు గదులకీ పదకొండు వేరువేరు పటాలు తయారయ్యాయి, ఒకదానితో ఒకటి దాదాపు కలవలేదు. ఎలుక మెదడుకే పదకొండు చోట్లు పట్టినప్పుడు, మనిషి తలలో రెండు ఊళ్ళకి చోటు చాలక రాపిడి పుడుతోందనే ఊహని పక్కన పెట్టేయొచ్చు. కొత్త ఊరు వచ్చి పాత ఊరిని తోసేస్తుందన్న భయం, ‘అక్కడికి పోయి మమ్మల్ని మరిచిపోయాడు’ అనే నిష్ఠూరం, రెండూ మెదడు తీరు తెలియక అనేవి.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది మాత్రం ఇదే బృందంలో కారెల్ యెజెక్ 2011లో ప్రచురించిన ప్రయోగం. రెండు పెట్టెలు. ఆకారం ఒకటే, దీపాల అమరిక వేరు. ఎలుకలకి ఇవి రెండు వేర్వేరు చోట్లని ముందుగా బాగా అలవాటు చేశారు. ఒక్కో దానికి మెదడులో ఒక్కో పటం ఏర్పడింది. తర్వాత ఎలుక ఒక పెట్టెలో తిరుగుతూ ఉండగానే, దాన్ని కదిలించకుండా, దీపాలు మాత్రం టక్కున మార్చారు. కాళ్ళ కింద నేల మారలేదు, కళ్ళ ముందు దేశం మారిపోయింది. అప్పుడు ఆ మెదడులో ఏం జరిగిందంటే, కొన్ని క్షణాల పాటు రెండు పటాలూ ఒకదాని వెంట ఒకటి వెలిగి ఆరాయి. హిప్పోకాంపస్‌లో సెకనుకి సుమారు ఎనిమిదిసార్లు లేచిపడే విద్యుత్ తరంగం ఒకటుంది. ఆ తరంగంలో ఒక్కొక్క అల మీద ఈ పటమో ఆ పటమో ఉంది. రెండూ కలగలిసి సగం ఇది సగం అది అయిన సందర్భాలు చాలా అరుదు. మెదడు రెండు చోట్లనీ కలిపి పిసకలేదు. ఈ చోటు, ఆ చోటు, ఈ చోటు అంటూ సెకనులో ఎనిమిదో వంతుకి ఒకసారి ఊగిసలాడి, చివరికి ఒకదాని మీద నిలిచింది.

ఎలుకకి బెంగ ఉందని ఈ ప్రయోగం చెప్పదు. మనిషి దిగులు ఒక్క హిప్పోకాంపస్‌లో పుట్టేదీ కాదు. అయినా రెండు దేశాల మధ్య బతికేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఈ ఊగిసలాట గుర్తుకు రాకమానదు. శుక్రవారం పొద్దున 8 గంటలకి కార్మికుల క్యాంపులో మంచం చుట్టూ కట్టుకున్న దుప్పటి తెర వెనక ఒకతను ఫోన్ తెరుస్తాడు. ఊళ్ళో పదిన్నర. తెర మీద వాళ్ళమ్మ. ‘తిన్నవా బిడ్డా’ అంటూనే ఫోన్ తిప్పి, ఈనిన బర్రెనీ దూడనీ చూపిస్తుంది. వెనక పంచాయతీ మైకు వినిపిస్తోంది. అతను ఆ ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నాడు, దూడని ఎండలోంచి అటు కట్టమంటున్నాడు. ఇంతలో పై మంచం మీది కేరళ కుర్రాడు ఏదో అడుగుతాడు, ఫోర్‌మన్ నుంచి మెసేజ్ వస్తుంది, ఓవర్‌టైమ్ ఉంది, బస్సు పావుగంటలో అని. దీపాలు మారాయి. పాత ఉత్తరాల రోజుల్లో, మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపుకున్న రోజుల్లో ఈ మార్పు నెలకో రెండు నెలలకో ఒకసారి జరిగేది. ఇప్పుడు పూటకి పదిసార్లు జరుగుతోంది. దూరం తగ్గించిన ఫోనే ఊగిసలాటని పెంచింది.

మనుషుల మీద జరిగిన ఒక ప్రయోగం కూడా ఇటువంటిదే. 2000లో మనస్తత్వవేత్త యింగ్-యీ హాంగ్, ఆమె సహచరులు హాంకాంగ్‌లో చైనా సంస్కృతిలోనూ పాశ్చాత్య చదువులోనూ సమంగా పెరిగిన విద్యార్థుల్ని తీసుకుని, కొందరికి చైనా గోడ, డ్రాగన్ వంటి బొమ్మలు, కొందరికి అమెరికా జెండా, సూపర్‌మ్యాన్ వంటి బొమ్మలు చూపించారు. తర్వాత ఒక చేప గుంపుకి ముందు ఈదుతున్న చిత్రం చూపించి, ఆ చేప అలా ఎందుకు ఈదుతోందని అడిగారు. చైనా బొమ్మలు చూసినవాళ్ళు గుంపు వల్ల అని చెప్పడానికి, అంటే వెనకవాళ్ళు తరుముతున్నారనో తోస్తున్నారనో చెప్పడానికి ఎక్కువ మొగ్గారు. అమెరికా బొమ్మలు చూసినవాళ్ళు చేప సొంత గుణం వైపు, దానికి నాయకత్వ లక్షణం ఉందన్న వైపు ఎక్కువ మొగ్గారు. ఒకే మనిషి, రెండు చూపులు, ఏది ముందుకి వస్తుందన్నది కళ్ళబడ్డ గుర్తుని బట్టి ఉంది. దోహాలో క్యూలో నిశ్శబ్దంగా నిలబడి, మెట్రోలో గీత దాటకుండా, సిగ్నల్ దగ్గర ఆగే మనిషి శంషాబాద్‌లో దిగి గంట తిరక్కుండా పాత చాకచక్యాలన్నీ ప్రదర్శిస్తాడు. అతన్ని రెండు నాల్కల మనిషి అనడం అన్యాయం. రెండు చోట్లా అతను నిజంగా అతనే.

అయితే బాధ ఎక్కడుంది? మనస్తత్వవేత్తలు వెరోనికా బెనెట్-మార్టీనెజ్, జానా హరితాటోస్ 2005లో ఈ ముడిని విప్పే ప్రయత్నం చేశారు. రెండు సంస్కృతుల మనుషుల్లో రెండు వేర్వేరు సంగతులు కలిసి కనిపిస్తున్నాయని వాళ్ళు గమనించారు. ఒకటి ఎడం. నాలో ఈ రెండూ వేరువేరుగా ఉన్నాయి, ఇంట్లో ఒకటి బయట ఒకటి అన్న భావన. రెండోది పోరు. ఈ రెండూ నన్ను చెరో పక్కకి లాగుతున్నాయి, నేను మధ్యలో చిక్కుకున్నాను అన్న భావన. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండనక్కర్లేదు. ఎడం ఉన్నా పోరు లేనివాళ్ళు హాయిగానే ఉంటారు. పోరు మాత్రం ఎక్కువగా వివక్షతోనూ, చుట్టుపక్కల మనుషులతో తెగిన సంబంధాలతోనూ ముడిపడి ఉంది. మెదడు పటాల్ని విడివిడిగా ఉంచుకోవడం మామూలు పని. వాటి మధ్య పోరు పెట్టేది చాలాసార్లు బయటి ప్రపంచం.

ఖతర్‌లో ఆ బయటి ప్రపంచానికి చట్టం, కాగితం, ముద్ర ఉన్నాయి. చాలా ఏళ్ళపాటు అక్కడి కార్మికుడు దేశం దాటాలంటే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అనుమతి కావాల్సి ఉండేది. ఊళ్ళో తండ్రి చావుబతుకుల్లో ఉన్నా ఆ కాగితం వచ్చేదాకా కదలడానికి లేదు. ఆ రాత్రి అతని తలలో జరిగేదాన్ని రెండు దేశాల మధ్య ఊగిసలాట అని మెత్తగా చెప్పడం నాకు ఒప్పు కాదు. తలుపు తాళం మరొకరి జేబులో ఉండటం వల్ల వచ్చిన బాధ అది. 2018లో ఎక్కువమంది కార్మికులకి ఆ అనుమతి అవసరం తీసేశారు, 2020 మొదట్లో ఆ వెసులుబాటుని ఇళ్ళలో పనిచేసేవాళ్ళ వంటి మిగిలినవారిలో అత్యధికులకి వర్తింపజేశారు. అదే ఏడాది యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారొచ్చని చట్టం చేశారు, 2021 నుంచి నెలకి 1000 రియాళ్ళ కనీస వేతనం పెట్టారు. అమలులో లోపాల గురించి ఫిర్యాదులు ఆగలేదు. అయినా వెళ్ళే స్వేచ్ఛ ఉన్నచోట ఉండటం కూడా తేలికవుతుంది.

ఇంకో పక్క ఉంది. కెనడా మనస్తత్వవేత్త జాన్ బెర్రీ వలస వచ్చినవాళ్ళ ముందు నాలుగు దారులుంటాయని వివరించాడు: పాతది వదిలి కొత్తదానిలో కలిసిపోవడం, కొత్తదాన్ని ముట్టుకోకుండా పాతదానిలోనే ఉండటం, రెంటికీ చెడటం, రెంటినీ నిలుపుకోవడం. బెర్రీ బృందం 13 దేశాల్లో వలస కుటుంబాల యువతీయువకుల్ని పరిశీలించి 2006లో ఫలితాలు వెల్లడించింది. రెంటినీ నిలుపుకున్నవాళ్ళే మానసికంగానూ చదువుల్లోనూ కుదురుగా ఉన్నారు. 2013లో ఇలాంటి 83 అధ్యయనాల్ని కలిపి చూసినా అదే దిశలో తేలింది. ఒక ప్రేమ పెరగాలంటే ఇంకోటి తరగాలన్న లెక్క తప్పని ఇవన్నీ చెబుతున్నాయి. కానీ ఆ పరిశోధనలు ఎక్కువగా జరిగినవి అమెరికా, కెనడా, యూరప్, ఆస్ట్రేలియాల వంటి చోట్ల, వలస వచ్చినవాడు ఏదో ఒక రోజు పౌరుడు కాగల దేశాల్లో. ఖతర్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. 2005 నాటి 38వ నంబరు చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టుకోవాలంటేనే 25 ఏళ్ళు వరసగా అక్కడ ఉండాలి, అరబ్బీ రావాలి, అయినా అది దక్కేది బహు కొద్దిమందికి. 2018లో వచ్చిన శాశ్వత నివాసపు చట్టం కూడా కొద్దిమందికే. మన రాజ్యాంగం, పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలని ఒప్పుకోవు. కనక దోహా తెలుగువాడికి కాగితం మీద ఉన్నది ఒకటే దేశం. రెండోది ఎంత గాఢమైనా అది మనసులోని మాటే.

అది ఎంత గాఢంగా ఉంటుందో 2017లో బయటపడింది. ఆ ఏడాది జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకుని దారులు మూసేశాయి. 2021 జనవరి దాకా అది సాగింది. మొదటి రోజుల్లో దుకాణాల్లో పాలూ కోడిమాంసం ఖాళీ అయ్యాయి. ఖతర్ పాలకుడు అమీర్ తమీమ్ రేఖాచిత్రాన్ని గోడల మీద పెద్దగా అంటిస్తే, ఖతరీలతో పాటు అక్కడ బతుకుతున్న విదేశీయులూ వచ్చి దాని మీద సంతకాలు చేశారు, తమ భాషల్లో నాలుగు మాటలు రాశారు. ఓటు లేనివాళ్ళు, ఎన్నటికీ పౌరులు కానివాళ్ళు. దాన్ని మొహమాటమనో భయమనో కొట్టిపారేసేవాళ్ళున్నారు. నాకు మాత్రం చోటు మీద మమకారం పుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనడానికి అంతకన్నా మంచి రుజువు దొరకలేదు. మనిషి తన చేతులతో కూర్చినదానికి ఎక్కువ విలువ కడతాడని మైకేల్ నార్టన్, డేనియల్ మోచాన్, డాన్ ఏరియలీ 2012లో ప్రయోగాలతో చూపించారు. సామాన్యమైన పెట్టెని తామే బిగించుకున్నవాళ్ళు, అదే పెట్టెని తయారుగా చూసినవాళ్ళకంటే దానికి ఎక్కువ ధర ఇస్తామన్నారు. పెట్టెకే అలా ఉంటే, లుసైల్‌లో స్టేడియానికి రాయి పరిచినవాడి సంగతి వేరే చెప్పాలా? 2022 డిసెంబరు 18న అక్కడ ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ ఆడుతుంటే తెలంగాణ పల్లెల్లో టీవీల ముందు కూర్చున్నవాళ్ళలో, ఆట కంటే మెట్లనీ పైకప్పునీ చూసినవాళ్ళు ఉన్నారు.

ఇక పిల్లల సంగతి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రూత్ ఉసీం 1950లలో తన భర్త జాన్‌తో కలిసి మన దేశానికే వచ్చి, ఇక్కడ పనిచేస్తున్న అమెరికన్ కుటుంబాలని పరిశీలించింది. తల్లిదండ్రుల దేశానికీ పెరుగుతున్న దేశానికీ పూర్తిగా చెందక, ఆ మధ్యలో మూడో సంస్కృతిని తయారుచేసుకునే పిల్లల గురించి ఆమె చెప్పిన మాట ఆ తర్వాత ప్రపంచమంతా వ్యాపించింది. దోహాలో పెరిగే తెలుగు పిల్లలు ఆ వర్ణనకి సరిగ్గా సరిపోతారు. సీబీఎస్ఈ బడి, మలయాళీ స్నేహితులు, స్కూలు బస్సులో హిందీ, ఇంట్లో తెలుగు, వారాంతానికి సముద్రపు ఒడ్డున కార్నిష్ మీద షికారు, సూక్ వాకిఫ్ బజారులో కరక్ చాయ్. ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ ఊరు వస్తే చుట్టాలకి వీళ్ళు ఖతర్ పిల్లలు, అక్కడ వీళ్ళు ఇండియన్లు. ఇంటర్ వయసు దాటాక ఇంజనీరింగుకో మెడిసిన్‌కో హైదరాబాద్ హాస్టల్‌కి వస్తారు. పాస్‌పోర్టు ప్రకారం ఇది ఇంటికి రావడం. తల్లిదండ్రులు కూడా అలాగే అంటారు. అలా వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లకి మాత్రం ఇది జీవితంలో మొదటిసారి దేశం విడిచి వెళ్ళడం. ఆ దుఃఖాన్ని ఎవరూ దుఃఖంగా గుర్తించరు, అందుకే అది లోపలే ఉండిపోతుంది. పైగా నాన్న ఉద్యోగం ముగిసి రెసిడెన్స్ పర్మిట్ రద్దయిందంటే ఆ ఊరు ఇక సందర్శకులుగా చూసి రావలసిన ఊరే. స్నేహితులూ అక్కడ మిగలరు, కెనడాకో కొచ్చికో చెదిరిపోతారు. ఇలా పెరిగినవాళ్ళకి తమలాంటివాళ్ళ మధ్యే ఎక్కువ కుదురు చిక్కుతుందని పరిశీలకులు పదేపదే చెప్పారు. ఆ పిల్ల హాస్టల్‌లో మొదట స్నేహం చేసేది మస్కట్‌లోనో రియాద్‌లోనో పెరిగిన అమ్మాయితో కావడంలో వింత లేదు.

పెద్దవాళ్ళకి వేరే చిక్కు వస్తుంది. మెదడు పటాన్ని భద్రంగా దాస్తుంది సరే, ఊరు దానికోసం ఆగదు. 2010లో దోహా రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టు తీసుకున్న జగిత్యాల మనిషి జన్మస్థలం కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 తర్వాత ఆ రాష్ట్రం అతనిది కాదు. 2016 అక్టోబరు 11 తర్వాత ఆ జిల్లా కూడా కాదు. ఇది కాగితం మార్పు, నవ్వుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేని మార్పు సిరిసిల్ల పక్కన జరిగింది. 25 టీఎంసీలకు పైగా నీళ్ళు పట్టే మధ్య మానేరు జలాశయం కింద కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి, చింతలఠాణా, అనుపురం, రుద్రవరం వంటి ఊళ్ళు మునిగాయి. గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన ప్రాంతమే అది. పోయేటప్పుడు ఊరుండి, చుట్టీకి వచ్చేసరికి పునరావాస కాలనీ ఉన్నవాళ్ళు అక్కడ ఉన్నారు. వాళ్ళ హిప్పోకాంపస్‌లో బొడ్రాయి నుంచి తమ ఇంటికి వెళ్ళే సందు పదిలంగా ఉంది. ఆ సందు నీళ్ళ అడుగున ఉంది. బోస్టన్‌లో వెస్ట్ ఎండ్ అనే పాత పేటని పునర్నిర్మాణం పేరుతో పడగొట్టాక అక్కడి నుంచి కదిలించిన కుటుంబాలని కలిసి, మార్క్ ఫ్రీడ్ 1963లో ఒక వ్యాసం రాశాడు. వాళ్ళలో చాలామంది పడుతున్నది ఆప్తులు పోయినప్పటి శోకమేనని, అది కొందరిలో రెండేళ్ళకి కూడా తగ్గలేదని ఆయన చూశాడు. కట్టుకున్న ఇల్లు పోయినందుకు పరిహారం లెక్కగట్టే పద్ధతులు మనకున్నాయి. ఆ సందు పోయినందుకు లేవు. దగ్గరుండి సామాను సర్దుకుని, చివరిసారి తాళం వేసిన మనిషికి కనీసం ఆ వీడ్కోలు దక్కింది. దోహాలో డ్యూటీలో ఉండి, మునక నీళ్ళ వీడియోని వాట్సాప్‌లో చూసినవాడికి అదీ లేదు.

ఇటువంటి తెగని నష్టానికి అమెరికా కుటుంబ శాస్త్రవేత్త పాలీన్ బాస్ సిద్ధాంతం కట్టింది. వియత్నాం యుద్ధంలో కనపడకుండా పోయిన వాయుసైనికుల ఇళ్ళలో 1970లలో ఆమె పరిశోధన మొదలైంది. మనిషి ఒంటితో లేడు, ఇంటి లెక్కల్లో ఉన్నాడు. లేదా ఒంటితో ఉన్నాడు, మనసుతో లేడు. రెండూ కుటుంబాన్ని ఒకేలా అలిసిపోయేట్టు చేస్తాయి. గల్ఫ్ ఇళ్ళకి రెండూ తెలుసు. భర్త అక్కడున్నన్నాళ్ళూ మొదటిది, చుట్టీ మీద వచ్చి నాలుగో రోజు నుంచి ఫోన్‌లో రూమ్మేట్లతో మాట్లాడుతూ ఉంటే రెండోది. భార్య అతన్ని తప్పుపట్టనక్కర్లేదు, అతను సిగ్గుపడనూ అక్కర్లేదు. ఇది ఎవరి గుణదోషమూ కాదని, పరిస్థితికి పేరు పెట్టి ఇంట్లో పైకి మాట్లాడుకుంటే భారం తగ్గుతుందని బాస్ వాదన. మన ఇళ్ళలో డబ్బు లెక్క పైకి మాట్లాడుకున్నంతగా దీన్ని మాట్లాడుకోము.

చివరికి అందరూ తిరిగి వచ్చేవాళ్ళే. అది ఖతర్ వలసలోనే ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ బస్టాండ్ల దగ్గర వీసా క్యాన్సిల్ చేసుకుని వచ్చేసిన పాత గల్ఫ్ మనుషులు ఇద్దరు ఎదురుపడితే ఒక సంగతి జరుగుతుంది, గమనించండి. తెలుగులో మొదలైన మాట రెండు నిమిషాల్లో గల్ఫ్ హిందీలోకి జారుతుంది, మధ్య మధ్య మలయాళం, అరబ్బీ తగులుతాయి. బతాకా, హిసాబ్, ఖల్లీవల్లీ. దానితో పాటు ఇంట్లో ఎన్నడూ నోటికి రాని జ్ఞాపకాలు వరసకడతాయి. వియోరికా మరియన్, ఉల్రిక్ నైసర్ 2000లో రష్యన్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే, అమెరికాకి వలస వచ్చిన విద్యార్థులతో చేసిన ప్రయోగం దీన్ని వివరిస్తుంది. రష్యన్‌లో అడిగితే రష్యన్ మాట్లాడిన రోజుల జ్ఞాపకాలు ఎక్కువగా వచ్చాయి, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషు రోజులవి వచ్చాయి. జ్ఞాపకం తను పుట్టిన భాషలో పిలిస్తే త్వరగా పలుకుతుంది. ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో గడిపి వచ్చినవాడు ఇంట్లో ‘ఏమీ చెప్పడు’ అనే ఫిర్యాదుకి ఇది కొంత సమాధానం. చెప్పడానికి కావలసిన భాష ఇంట్లో ఎవరికీ రాదు.

తిరిగొచ్చినవాళ్ళ కోసం ప్రభుత్వాలు, సంఘాలు పెట్టే సమావేశాల్లో అప్పులూ, పింఛన్లూ, చిన్న వ్యాపారాలూ చర్చకి వస్తాయి. అవి ముఖ్యమైనవే. వాటితో పాటు ఆ మనుషులు ఒకచోట చేరి, ఆ గల్ఫ్ హిందీలోనే, అక్కడి పనుల గురించి మాట్లాడుకునే వీలు కూడా కల్పించాలని నేను గట్టిగా కోరతాను. వీలైతే వాళ్ళ పిల్లలు పక్కన కూర్చోవాలి. లుసైల్‌లో ఏ గేటు దగ్గర తను రాయి పరిచాడో, అక్కడి నుంచి మెస్ బస్సు ఎక్కడ ఆగేదో, ఆ బస్సు కోసం ఏ నీడలో నిలబడేవాళ్ళో వాళ్ళలో ఒకాయన నేల మీద పుల్లతో గీసి చూపించగలడు. అడిగినవాళ్ళు ఉంటే.